బడి సెలవులు వస్తున్నయ్: ఒంటరి తల్లులు పని ఎట్ల చూసుకోవాలె, పిల్లలను ఎట్ల చూసుకోవాలె

(ఒంటరి మహిళలు, వితంతువుల ఆసరా పెన్షన్ లబ్ధిదారుల కోసం 2025 ఏప్రిల్‌లో ఒక మండల మహిళా సమాఖ్య సమావేశంలో సంఘం సభ్యురాలు ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆమె మాట్లాడిన తీరు మార్చకుండా రాసి ఇస్తున్నాము. ఫోన్‌లో చదవడం రానివారికి ఇంట్లో పిల్లలు గానీ, సంఘం లీడర్ గానీ చదివి వినిపించగలరు.)



నేను ఆఫీసర్‌ను కాదు. మీ లెక్కనే పెన్షన్ తీసుకునే మనిషిని. ఇద్దరు పిల్లలు. ఇంట్ల పెద్దమనిషి అంటే నేనే, చిన్నమనిషి అంటే నేనే. నన్ను మాట్లాడమంటే ముందుగాల వద్దన్న. తర్వాత అనుకున్న, ఈ ముచ్చట ఎవరన్న ఒకరు చెప్పాలె కద, పథకం కాయితంల ఇది ఉండదు కద అని ఒప్పుకున్న.

ముచ్చట ఏందంటే బడి సెలవులు. ఈ నెల 23 తోటి బడులు బంద్ అయితయి. మల్ల జూన్ 12న తెరుస్తరు. నడుమ 49 రోజులు. మొగుడు, అత్త, మామ ఉన్న ఇంట్ల సెలవులంటే పండుగ. మన ఇంట్ల సెలవులంటే లెక్క. పనికి పోతే పిల్లలు ఏడ ఉంటరు? పిల్లల కాడ ఉంటే పొయ్యి ఎట్ల మండుతది? బడి ఉన్నన్ని రోజులు బడి మనకు తెల్వకుండనే సగం సంసారం మోస్తది. పొద్దుగాల పోయిన పిల్ల సాయంత్రం దాక భద్రంగ ఉంటది, మధ్యాహ్నం బువ్వ ఆడనే తింటది. బడి మూతపడ్డ నాడు ఆ రెండూ ఒక్కసారే మన మీద పడుతయి.

నా సంగతి చెప్త

ఏడెనిమిది ఏండ్ల కింద మాట. నా కొడుకుకు ఎనిమిదేండ్లు, బిడ్డకు ఐదేండ్లు. ఒంటిపూట బడులు నడుస్తున్నయ్. నేను మిర్చి ఏరనీకి పోతున్న. ఆటో పొద్దుగాల ఏడు గంటలకు వస్తది, మల్ల వచ్చేవరకు పొద్దు గూకుతది. బడి పన్నెండున్నరకు విడుస్తరు. బడిల బువ్వ తిని ఇంటికి వచ్చి తలుపు పెట్టుకొని ఉండుండ్రి అని పిల్లలకు చెప్పి పోయేది. పక్కింటి పెద్దమ్మకు ఒక మాట చెప్పేది. అంతే నా బందోబస్తు.

ఒకనాడు చేను కాడికి ఫోన్ వచ్చింది. నా కొడుకు దోస్తుల తోటి బాయిల ఈతకు దిగిండు. వానికి ఈత రాదు. తాటిచెట్టు మీద ఉన్న గౌడన్న చూసి దిగి, బాయిల దుంకి తీసిండు. నేను ఇంటికి చేరేవరకు రెండు గంటలు పట్టింది. పిల్లగాడు మంచం మీద కూసొని బిస్కెట్ తింటున్నడు. బిడ్డ మూలకు నిలబడి ఏడుస్తున్నది, "అన్నను నేనే పొమ్మన్న" అని.

ఆ నెల మల్ల మిర్చికి పోలె. పోకపోతే కిరాణం దుకాణంల బాకీ అయింది. ఆ బాకీ తీరనీకి వానాకాలం నాట్లు దాక పట్టింది. తప్పు నాదా, పిల్లగానిదా, పెద్దమ్మదా అని చానా రోజులు ఆలోచించిన. చివరికి నాకు తెలిసింది ఏందంటే, నేను పనిని చూసుకున్న గని, పని క్యాలెండర్‌ను, బడి క్యాలెండర్‌ను ఒక్కకాడ పెట్టి చూసుకోలె. ఇయ్యాల మీకు చెప్పేది అదే.

ముందుగాల సంవత్సరం లెక్క వేసుకోండ్రి

ఇంట్ల గోడకు క్యాలెండర్ ఉంటది కద. పెన్ను తీసుకొని బడి సెలవులకు గీత కొట్టండ్రి. ఎండకాలం 49 రోజులు. దసరాకు పోయిన సంవత్సరం అక్టోబర్ 2 నుంచి 14 దాక, 13 రోజులు. సంక్రాంతికి దాదాపు వారం. ఈ మూడు కలిపితేనే దగ్గర దగ్గర 70 రోజులు. ఆదివారాలు, రెండో శనివారాలు, చిన్న పండుగలు వేరే.

ఒక్క మాట మరువద్దు. మన కష్టం ఏప్రిల్ 24న షురూ అయితలేదు. మార్చి 15 నుంచే షురూ అయితది, ఒంటిపూట బడుల తోటి. నా కొడుకు బాయిల పడ్డది సెలవులల్ల కాదు, ఒంటిపూట బడి రోజులల్లనే.

ఇప్పుడు మన ఊర్ల పనులు ఆ క్యాలెండర్ మీద పెట్టి చూడండ్రి.

వానాకాలం నాట్లు జూలై, ఆగస్టు. బడి నడుస్తది. మనకు మంచి కాలం. ఈ రెండు నెలలు ఎంత వీలైతే అంత చేసుకోవాలె.

పత్తి ఏరుడు అక్టోబర్ నుంచి జనవరి దాక. మొదటి ఏరుడు దసరా సెలవులల్ల పడుతది. కూలి ఎక్కువ ఇస్తరు, కని పిల్లలు ఇంట్లనే ఉంటరు.

యాసంగి నాట్లు డిసెంబర్, జనవరి. సంక్రాంతి వారం తప్ప బడి ఉంటది.

మిర్చి ఏరుడు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్. సగం కాలం ఒంటిపూట బడి. దూరం పోయే పని కాబట్టి మనకు అన్నిటికంటె కష్టమైన పని ఇదే.

ఏప్రిల్, మే నెలలల్ల ఉపాధి హామీ పని, వడ్ల కొనుగోలు కేంద్రాలు, అడివి ఉన్న జిల్లాలల్ల తునికాకు. ఇవి మొత్తం సెలవులల్లనే వస్తయి, కని ఊరి దగ్గరనే ఉంటయి.

ఈ లెక్క వేసుకుంటే ఒక సంగతి కనపడుతది. బడి నడిచేటప్పుడు దూరం పని, సెలవులల్ల దగ్గరి పని. అంతే సూత్రం. జూలైల పది కిలోమీటర్లు పోయినా పర్వాలేదు. మే నెలల మాత్రం పిలిస్తే ఇంటికి చేరేంత దూరంల ఉండాలె.

సెలవులల్ల దొరికే పనులు

1. ఉపాధి హామీ పని

మొదటి పని ఇది. ఎందుకంటే పొద్దుగాల పోయి ఎండ ముదరక ముందే రావచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి మన రాష్ట్రంల రోజు కూలి 307 రూపాయలు చేసిండ్రు. అయితే ఇది కొలత ప్రకారం ఇచ్చే కూలి. కొలత తక్కువైతే పైసలు తక్కువ పడుతయి. అందుకే మేట్‌ను పొద్దుగాలనే అడగండ్రి, "ఇయ్యాల ఎన్ని అడుగులు తవ్వితే పూర కూలి పడుతది?" అని.

లెక్క చెప్త. 49 రోజులల్ల 7 ఆదివారాలు తీసేస్తే 42 రోజులు. పూర కూలి పడితే 12,894 రూపాయలు. అందరం 42 రోజులు పోలేము, ఆ ముచ్చట తర్వాత చెప్త.

మీరు తెలుసుకోవాల్సిన హక్కులు కొన్ని ఉన్నయ్.

జాబ్ కార్డు: చానా మంది చెల్లెండ్లు తల్లిగారింట్ల ఉంటున్నరు. నాయిన కార్డులనో, అన్న కార్డులనో పేరు ఉంటది. సంవత్సరానికి ఇచ్చే పని రోజులు కార్డుకు, మనిషికి కాదు. అన్న, వదినె చేసినంక మీకు మిగిలేది ఇరవై రోజులు. పిల్లల తోటి విడిగ వండుకొని బతికే ఒంటరి మహిళ విడి కుటుంబం కింద జాబ్ కార్డు అడగొచ్చు. పంచాయతీల దరఖాస్తు పెట్టండ్రి.

పని అడిగిన రశీదు: పని కావాలని అడిగినప్పుడు తేదీ వేసిన రశీదు తీసుకోండ్రి. 15 రోజులల్ల పని ఇయ్యాలె. ఇయ్యకపోతే నిరుద్యోగ భృతి అడిగే హక్కు ఉంటది. రశీదు లేకపోతే ఆ హక్కు మాటల్లనే ఉంటది.

చిన్నపిల్లలు: పని జాగకు బడి ఈడు రాని పిల్లలు ఐదుగురు గానీ అంతకంటె ఎక్కువ గానీ వస్తే, వాళ్లను చూసుకోనీకి ఒక ఆడమనిషిని పెట్టాలె. ఆమెకు కూడ అందరి లెక్కనే కూలి ఇయ్యాలె. చానా ఊర్లల్ల ఇది జరుగుతలేదు, ఎందుకంటే ఎవరూ అడుగుతలేరు. ఐదుగురు తల్లులు కలిసి ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడగండ్రి. నీడ, తాగే నీళ్లు, మందుల పెట్టె కూడ ఉండాలె.

హాజరు: ఇప్పుడు రోజుకు రెండుసార్లు ఫోన్‌ల ఫొటో కొడుతున్నరు. మొదటి ఫొటోకు ఉండి నడుమల ఇంటికి వస్తే హాజరు పడదు. పిల్లలను ఎవరి దగ్గరన్న పెట్టేటప్పుడు రెండో ఫొటో అయ్యేవరకు అని లెక్క చెప్పి పెట్టండ్రి.

2. బడి యూనిఫాంలు కుట్టుడు

మిషిని వచ్చిన అక్కలకు ఇది మంచి పని. సర్కారు బడి పిల్లలకు ఇచ్చే రెండు జతల యూనిఫాంలు మన మహిళా సంఘాలే కుడుతున్నయ్. కుట్టుకూలి జతకు 50 రూపాయలు ఉండేది, 2024ల 75 చేసిండ్రు. బడి తెరిచే నాటికి బట్టలు అందాలె కాబట్టి ఈ పని సరిగ్గ ఎండకాలం సెలవులల్లనే వస్తది. ఇంట్ల కూసొని, పిల్లలు కండ్ల ముందట ఆడుకుంటుంటే చేసే పని. రోజుకు నాలుగు జతలు కుడితే 300.

మూడు సంగతులు ముందుగాల అడిగి తెలుసుకోండ్రి. దారం, గుండీలు ఎవరిస్తరు? కత్తిరించి ఇస్తరా, మనమే కత్తిరించాల్నా? పైసలు ఎప్పుడు పడుతయి? ఈ పని అందరికీ రాదు. గ్రామ సంఘం దగ్గర పేరు రాయించుకున్నోళ్లకే వస్తది. మిషిని లేకపోతే స్త్రీనిధి అప్పు తీసుకోవచ్చు. కని ఎండకాలం ఒక్క పనిని నమ్ముకొని అప్పు తీసుకోవద్దు. మిగిలిన పది నెలలు జాకెట్లు, పీకోలు కుట్టే గిరాకీ ఊర్ల ఉన్నదా అని చూసుకొని తీసుకోండ్రి.

3. బడిల పని

బడిల వంట చేసే పని మన క్యాలెండర్‌కు సరిగ్గ సరిపోతది. బడి ఉన్నప్పుడే పని, బడి లేనప్పుడు మనం ఇంట్ల. మన పిల్లలు అదే బడిల చదివితే ఇంకా మంచిది. అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. గౌరవ వేతనం నెలకు 3,000. సంవత్సరానికి పది నెలలే. సరుకుల బిల్లు వచ్చేదాక కూరగాయలు, నూనె మన చేతుల పైసలతోటి తెచ్చే పరిస్థితి వస్తది. అందుకే ఒక్కరే పోకుండ ఇద్దరు ముగ్గురు కలిసి పోతే బరువు పంచుకోవచ్చు. ఖాళీ ఉన్నదా లేదా హెడ్‌మాస్టర్‌ను, బడి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీని అడగండ్రి. జూన్‌ల కాదు, ఇప్పుడే.

4. కొనుగోలు కేంద్రాలు

యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలలల్ల ఐకేపీ కేంద్రాలకు వస్తయి. వాటిని నడిపేది మన సంఘాలే. తూకం రాసుడు, టోకెన్లు ఇచ్చుడు, లెక్కలు పెట్టుడు, ఇట్ల చదువు వచ్చిన చెల్లెండ్లకు పని ఉంటది. పని ఊర్లనే. కని వాన మబ్బు పట్టిన నాడు రాత్రి అయినా ఉండాల్సి వస్తది. రాత్రి పూట పిల్లలకు తోడు ఎవరు అనేది ముందుగాల ఖాయం చేసుకొని ఒప్పుకోండ్రి.

5. ఇంట్ల చేసే వ్యాపారం

మామిడికాయ తొక్కు, కారంపొడి, పసుపు, వడియాలు, సల్ల మిరపకాయలు. ఎండ ఉన్నప్పుడే అయితయి. సెలవులూ అప్పుడే. ఊర్ల నలుగురికి అమ్మితే ఒక తీరు. ప్యాకెట్ కట్టి దుకాణాలకు ఇయ్యాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలె. సంవత్సరానికి 12 లక్షల లోపు అమ్మేవాళ్లకు ఫీజు సంవత్సరానికి 100 రూపాయలే. సంఘంల ఉండి తిండి పదార్థాల పని చేస్తున్నోళ్లకు పీఎంఎఫ్ఎంఈ పథకం కింద మనిషికి 40,000 రూపాయల దాక పెట్టుబడి సొమ్ము సంఘం ద్వారా దొరుకుతది. వివరాలు ఏపీఎం మేడమ్‌ను అడగండ్రి.

బీడీలు చేసే అక్కలకు ఒక మాట. పని ఇంట్లనే ఉంటది, నిజమే. కని సెలవులే కద అని పిల్లల చేతికి చాట ఇయ్యకుండ్రి. ఆ పొగాకు దుమ్ము మన ఛాతీల పట్టింది చాలు.

6. పట్నంల, టౌన్లల ఇండ్ల పని

ఇండ్లల్ల పని చేసే చెల్లెండ్లకు సెలవులు రెండు తీర్ల కొడుతయి. మన పిల్లలు ఇంట్ల ఉంటరు. ఆ ఇంటోళ్లు ఊరికి పోయి "ఈ నెల పని లేదు, జీతం లేదు" అంటరు. అందుకని మార్చిలనే మాట్లాడుకోండ్రి. ఇట్ల అడగొచ్చు: "అమ్మా, మీరు పదిహేను రోజులు ఊరికి పోతే నాకు సగం జీతమన్న ఇయ్యాలె. మీరు లేనప్పుడు చెట్లకు నీళ్లు పోసి ఇల్లు ఊడుస్త. మీరు ఉన్నప్పుడు ఈ రెండు నెలలు పొద్దుగాల ఒక్కపూటనే వస్త, సాయంత్రం గిన్నెలు పొద్దుగాల తోముత." కొందరు ఒప్పుకోరు. చానా మంది ఒప్పుకుంటరు, ఎందుకంటే కొత్త మనిషిని వెతుక్కునుడు వాళ్లకు ఇంకా కష్టం. అడుగుతే పోయేది లేదు. అడగకుండ నాగా పెడితే మాత్రం పని పోతది.

పిల్లలు ఎవరి దగ్గర ఉండాలె

పని దొరికినా పిల్లల సంగతి తేలకపోతే ఏం లాభం? నేను బాయి సంగతి అయినంక పట్టుకున్న తొవ్వ చెప్త. దానికి మేము పెట్టుకున్న పేరు వంతు.

మా వాడల ముగ్గురం ఒంటరి తల్లులం. ముగ్గురికి కలిపి ఆరుగురు పిల్లలు. వారంల ఆరు పని రోజులు. ఒక్కొక్కరం రెండు రోజులు ఇంటి కాడ ఉండి అందరి పిల్లలను చూసుకుంటం, నాలుగు రోజులు పనికి పోతం. వారానికి నాలుగు రోజులు అంటే పూర కూలి పడితే 1,228 రూపాయలు. సెలవులు మొత్తం మీద 42 రోజులల్ల 28 రోజులు, అంటే 8,596. 12,894 రాలేదే అని అనిపిస్తది. కని నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ నెల నాకు వచ్చింది సున్నా, పైంగ బాకీ. ఇద్దరే ఉన్నా వంతు నడుస్తది. అప్పుడు 21 రోజులు, 6,447 రూపాయలు.

వంతు పెట్టుకుంటే కొన్ని కట్టుబాట్లు ఉండాలె. మేము పెట్టుకున్నవి ఇవి.

బువ్వ ఎవరి పిల్లలకు వాళ్లు పొద్దుగాలనే డబ్బాల పెట్టి ఇయ్యాలె. దీని మీదనే మొదటి కొట్లాట అయితది, అందుకే ముందే చెప్తున్న.

చెరువు, బాయి, కాలువ దిక్కు పెద్దమనిషి లేకుండ పోవద్దు. ఈత నేర్వాలంటే ఈత వచ్చిన పెద్దోళ్లు నడుముకు తాడు కట్టి నేర్పాలె.

పొద్దుగాల పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాక పిల్లలు నీడల్లనే. సల్ల, గంజి, ఉప్పు చక్కెర నీళ్లు ఉంచాలె.

వంతు రాని మనిషి ముందటి రాత్రే చెప్పాలె. పొద్దుగాల చెప్తే మిగిలిన ఇద్దరి కూలి పోతది.

గొళ్లెం బయటి నుంచి పెట్టొద్దు. ఏమన్న అయితే పిల్లలు బయటికి ఉరుకలేరు.

ఎవరి దగ్గరన్న పిల్లలను ఉంచినప్పుడు పిల్లలు ఏమన్న భయపడ్డట్టు, ముడుచుకున్నట్టు అనిపిస్తే "ఏం కాలె తియ్" అని కొట్టిపారెయ్యకుండ్రి. వాళ్ల మాట వినండ్రి. తోడుకు పెట్టిన మనిషి మంచోడే అని మనం అనుకుంటం, కని పిల్లల మాటనే ముందు.

తల్లిగారింటికి పంపుడు మంచిదే. మహాలక్ష్మి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల మనకు, ఆడపిల్లలకు జీరో టికెట్ ఉన్నది. ఆధార్ పట్టుకొని పోండ్రి. మగపిల్లగాండ్లకు మాత్రం ఎప్పటి లెక్కనే టికెట్ తీసుకోవాలె. అయితే 49 రోజులు ఒక్కకాడనే ఉంచితే వదినెకు బరువు, మనకు మాట. పది రోజులు అమ్మ దగ్గర, పది రోజులు అక్క దగ్గర, మిగిలినయి వంతుల. పంపేటప్పుడు కిలో పప్పన్న, కొంచెం పైసలన్న ఇచ్చి పంపితే మల్ల దసరాకు కూడ తలుపు తెరిచే ఉంటది.

ఒక సంగతి గట్టిగ చెప్త. సెలవులే కద అని పిల్లలను కూలికి తీసుకపోవద్దు. పద్నాలుగు ఏండ్ల లోపు పిల్లలను కూలికి పెట్టుకునుడు చట్టం ప్రకారం నేరం. మన సొంత ఇంటి పనిల సాయం చేసుడు వేరే, మిర్చి చేన్ల కూలికి నిలబెట్టుడు వేరే. ఎండకాలం కూలికి పోయి చేతుల పైసలు చూసిన పిల్లగాడు జూన్‌ల బడికి పోనంటడు. మా వాడల ఇద్దరు పిల్లగాండ్లు అట్లనే బడి బంద్ చేసిండ్రు.

పెన్షన్ పోతదేమో అన్న భయం

చానా మంది పనికి వెనుకాడేది దీని గురించే. "పని చేస్తే పెన్షన్ కట్ చేస్తరంట" అని. లెక్క చూద్దాం. ఒంటరి మహిళ పెన్షన్ ఇప్పుడు నెలకు 2,016. సంవత్సరానికి 24,192. ఉపాధి పని 100 రోజులు పూర కూలికి చేసినా 30,700. రెండు కలిపినా 54,892. పెన్షన్‌కు పెట్టిన ఆదాయం పరిమితి సంవత్సరానికి ఊర్లల్ల లక్షన్నర, పట్టణాలల్ల రెండు లక్షలు. మనం ఆ గీత దరిదాపుల్ల కూడ లేము. కూలి పని చేసుకుంటే, యూనిఫాం కుడితే పెన్షన్ పోదు. సర్కారు నౌకరి లాంటి పర్మినెంట్ కొలువు దొరికితే, మల్ల పెండ్లి చేసుకుంటే అప్పుడు ఆగుతది.

ఇంకొక దిక్కు నుంచి పోతది, అది చూసుకోండ్రి. వేరే జిల్లాకు పనికి పోయి నెలల తరబడి పెన్షన్ తీసుకోకపోతే పేరు ఆపేస్తరు. నెల నెలా వచ్చి తీసుకోండ్రి. అది కూడ దగ్గరి పని చూసుకోనీకి ఒక కారణమే.

సమావేశంలో అక్కలు అడిగిన ప్రశ్నలు

"నా పెద్దోడికి పన్నెండేండ్లు. చిన్నదాన్ని వాని మీద వదిలి పోవచ్చా?"

గంట, రెండు గంటలు, పక్కింట్ల పెద్దమనిషి ఉన్నప్పుడు పర్వాలేదు. రోజంతా అయితే వద్దు. పన్నెండేండ్లోడు కూడ పిల్లగాడే. మా బిడ్డ ఐదేండ్లప్పుడు "అన్నను నేనే పొమ్మన్న" అని ఏడ్చింది. ఇప్పటికి కూడ ఆ బాయి దిక్కు చూడదు. పిల్లల మీద మనం పెట్టే బరువు వాళ్లు ఎన్ని ఏండ్లు మోస్తరో మనకు తెల్వదు.

"బిడ్డను హాస్టల్‌ల వేస్తే ఈ బాధ ఉండదు కద?"

ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు కస్తూర్బా బడులు ఉన్నయ్. తల్లీదండ్రి లేనోళ్లకు, ఒక్కరే ఉన్నోళ్లకు ముందు సీటు ఇస్తరు. చదువుకు మంచిదే, అడగండ్రి. కని సెలవులకు హాస్టల్ పిల్లలు కూడ ఇంటికే వస్తరు. పది నెలలు దూరం ఉన్న బిడ్డ వచ్చినప్పుడు మనం ఇంట్ల లేకపోతే దానికి ఇంకా బాధ. హాస్టల్ పిల్ల ఉన్న తల్లికి కూడ ఎండకాలం లెక్క తప్పదు.

"మా ఆయన వేరే ఊర్ల ఉన్నడు. పైస పంపడు. సెలవులల్లనన్న పిల్లల ఖర్చు ఇయ్యమనొచ్చా?"

సెలవులల్లనే కాదు, నెల నెలా ఇయ్యాలె. పిల్లల పోషణ ఖర్చు కోసం కోర్టుల కేసు వేయొచ్చు. ఆడోళ్లకు ఎంత ఆదాయం ఉన్నా లేకున్నా వకీలును ఉచితంగ ఇస్తరు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండ్రి, లేకపోతే 15100 కు ఫోన్ చెయ్యండ్రి. పెండ్లి కార్డు గానీ ఫొటో గానీ, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, ఆధార్‌లు తీసుకపోండ్రి.

"వంతు పెట్టుకోనీకి నాకు ఎవరూ లేరు. మా వాడల అందరికీ మొగుడు పిల్లలు ఉన్నరు."

వంతుకు ఒంటరి తల్లే కావాల్నని ఏం లేదు. ఉపాధి పనికి పోయే ఏ తల్లికైనా ఇదే కష్టం ఉన్నది. లేకపోతే ఇంట్ల ఉండే పెద్దమ్మను అడగండ్రి, ఊకెనే కాదు. రోజుకు ముప్పై నలభై రూపాయలు, లేకపోతే ఆమెకు నీళ్లు తెచ్చుడు, మందులు తెచ్చుడు, పెన్షన్ రోజు తోడు పోవుడు. ఊకెనే చూడమంటే నాలుగు రోజులు చూస్తరు. ఇచ్చిపుచ్చుకుంటే నలభై రోజులు చూస్తరు.

ఈ వారంల చేయాల్సినవి

క్యాలెండర్ మీద ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాక గీత కొట్టండ్రి.

పంచాయతీల ఉపాధి పని అడిగి తేదీ రశీదు తీసుకోండ్రి. పేరు తల్లిగారి కార్డుల ఉంటే విడి జాబ్ కార్డుకు దరఖాస్తు పెట్టండ్రి.

మిషిని వస్తే గ్రామ సంఘంల యూనిఫాం పనికి పేరు ఇయ్యండ్రి.

బడి బంద్ కాకముందే హెడ్‌మాస్టర్‌ను కలిసి వంట పని ఖాళీ సంగతి అడగండ్రి.

వంతుకు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్కకాడ కూసొని రోజులు రాసుకోండ్రి.

పిల్లలకు మీ ఫోన్ నంబర్ నోటికి నేర్పండ్రి. దాని తోటి ఇంకొక రెండు నంబర్లు నేర్పండ్రి. పిల్లలకు ఆపద అయితే 1098. ఏ అత్యవసరమైనా 112. మనకు కష్టం వస్తే మహిళల హెల్ప్‌లైన్ 181.

చివరగ ఒక్క మాట చెప్పి కూసుంట. నా కొడుకు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నడు. పోయిన ఎండకాలం మా వాడ వంతుల వాడే పిల్లలకు లెక్కలు చెప్పిండు. బాయి కాడికి పోతమన్న పిల్లగాండ్లను ఆపింది కూడ వాడే. ఆ గౌడన్న ఎదురైతే ఇప్పటికి కూడ నేను నిలబడి నమస్కారం పెడ్త. అందరికీ చెట్టు మీద గౌడన్న ఉండడు కద అక్కా. అందుకే మనమే ఒకరికొకరం ఉండాలె.

ఉంట మరి. ఏమన్న అడగాలంటే బయట చాయ్ కాడ ఉంట, రాండ్రి.